గాలికో దారి

కత్తిరి మొదలైందంటే తిరుపతిలో కంప్యూటర్లు బాగుచేసేవాళ్లకు చేతినిండా పని. మే నెలంతా ఎండ నలభై చుట్టూ ఆడుతుంది. శేషాచలం బండలు పగలంతా కాగి, రాత్రి కూడా వేడి కక్కుతూనే ఉంటాయి. పెళ్లి ముహూర్తాలు పడేదీ ఆ రోజుల్లోనే. వీడియో ఎడిటింగ్ చేసే స్టూడియోల్లో మిషన్లు తెల్లవార్లూ రెండరింగ్‌లోనే ఉంటాయి. నేను పొట్టకూటికి ఈ పని చేసేవాణ్ని కాదుగానీ, తెలిసినవాళ్ల మిషన్లు విప్పి సర్దిపెట్టడం పాత అలవాటు. వేసవిలో నాకొచ్చే ఫోన్లన్నిటిదీ ఒకటే ప్రశ్న: "ఏంనా, ఇంకో రెండు ఫ్యాన్లు ఏస్తే పోలా?"

పోదు. ఎందుకు పోదో చిన్న లెక్క చాలు. మిషన్ 300 వాట్ల కరెంటు లాగుతోందంటే దాదాపు అదంతా చివరికి వేడిగా మారేదే. క్యాబినెట్‌లోంచి నిమిషానికి 50 ఘనపుటడుగుల గాలి నిజంగా ప్రవహిస్తుంటే, ఆ గాలి లోపలికి వచ్చినప్పటి కంటే సుమారు పది డిగ్రీలు వేడెక్కి బయటికి పోతుంది. గాలిని 100 అడుగులకు పెంచితే ఆ తేడా ఐదుకు దిగుతుంది. 200 చేస్తే రెండున్నర. మొదటి రెండు మూడు ఫ్యాన్లు చేసినంత మేలు తర్వాతవి చేయవు, మోత మాత్రం పెంచుతాయి.

పైగా ఎన్ని ఫ్యాన్లు తిప్పినా గదిలో ఉన్న వేడి కంటే కిందికి లోపలిది ఏదీ దిగదు. ఫ్యాను కింద కూర్చుంటే మనకు ప్రాణం లేచొచ్చేది చెమట ఆరడం వల్ల. ప్రాసెసర్‌కు చెమట పట్టదు కదా. యూట్యూబ్ సమీక్షల్లో చూపించే ఉష్ణోగ్రతలు సాధారణంగా 20, 25 డిగ్రీల మధ్య ఉండే గదుల్లో తీసినవి. అక్కడ 22 డిగ్రీల గదిలో 75 చూపించిన ప్రాసెసర్ మన 38 డిగ్రీల గదిలో 91కి అటూ ఇటూగా చూపిస్తుంది. ఇంటెల్ చిప్పుల్లో చాలావాటికి 100 డిగ్రీలు హద్దు, రైజెన్ 7000 వరసలో ఎక్కువవాటికి 95. హద్దు తగిలిందంటే చిప్పే తన వేగం తగ్గించుకుంటుంది. గంటలో కావాల్సిన రెండర్ గంటన్నర పడుతుంటే సాఫ్ట్‌వేర్‌ను తిట్టేముందు ఒకసారి ఆ అంకె చూడాలి. హార్స్‌లీ కొండల మీద కాపురమున్నవాళ్లు ఈ వ్యాసం ఇక్కడితో ఆపేయొచ్చు.

ఇక అమరిక. ఫ్యానుకు రెండు ముఖాలు. రెక్కలు బోసిగా కనబడే వైపు గాలి పీలుస్తుంది, మోటారును పట్టి ఉంచే ప్లాస్టిక్ కమ్ములున్న వైపు వదుల్తుంది. కొన్నిటికి ఫ్రేము అంచున బాణం గుర్తులూ ఉంటాయి. ఇంత తేలిక విషయమే తరచూ తప్పుతుంది. కమ్ములు అద్దంలోంచి కనబడితే అందం చెడుతుందని, పీల్చాల్సిన ఫ్యానును తిరగేసి బిగిస్తారు. లైట్లు మెరుస్తుంటాయి, గాలి మాత్రం ఎదురు తిరుగుతుంది.

వేడి గాలి పైకి పోతుంది కాబట్టి పైకప్పు నిండా ఫ్యాన్లు పెట్టాలనే మాట కూడా బాగా వినబడుతుంది. మదనపల్లె వైపు పాత మిద్దెల్లో వంటింటి కప్పుకు గవాచి ఉండేది. పొగా వేడీ దాంట్లోంచే పోయేవి. ఆ సూత్రం మిద్దెకు సరిపోయింది. రెండడుగుల ఎత్తు కూడా లేని పెట్టెలో మాత్రం వేడి గాలికి తనంతట పైకి లేచే బలం చాలా తక్కువ, ఫ్యాను ఎటు తోస్తే అటే పోతుంది. అందుకే పైకప్పులో ముందువైపున్న బెజ్జాలకు ఫ్యాను బిగిస్తే లాభం లేకపోగా నష్టం. ముందు నుంచి వచ్చిన చల్లగాలి ప్రాసెసర్ కూలర్ దాకా పోకముందే అది లాగేసి బయటికి పారేస్తుంది. పైన పెట్టదలిస్తే వెనకవైపు మూలకు ఒక్కటి పెట్టండి, చాలు. ముందు రెండు లోపలికి, వెనక ఒకటి బయటికి: మామూలు మిషన్‌కు నేను వేసే లెక్క ఇదే. గ్రాఫిక్స్ కార్డు పెద్దదైతే ముందు మూడు. ఎస్‌ఎంపీఎస్ అడుగున ఉండే క్యాబినెట్‌లో దాని ఫ్యాను కిందికి చూడాలి, కింద కాళ్లు ఎత్తుగా ఉండాలి.

గాలి నిజంగా ఎటు పోతోందో తెలుసుకోవడానికి ఒక అగరుబత్తీ సరిపోతుంది. ఇక్కడికి దగ్గర్లోనే, గాదంకిలో, మన నెత్తిన వీచే గాలుల్ని కొలవడానికి 1024 జతల యాంటెన్నాలతో రాడారు కట్టారు. మన పెట్టెకు అంత హంగు అక్కర్లేదు. సీలింగ్ ఫ్యాను ఆపి, పొగను ముందు జాలీ దగ్గర నుంచి మెల్లగా వెనక్కి జరుపుతూ చూడండి. లోపలికి లాక్కున్న చోటు, బయటికి చిమ్మిన చోటు, ఎటూ కదలక తారాడే చోటు మూడూ కనబడతాయి. వెనక నుంచి వదిలిన పొగ పక్క సందుల్లోంచి మళ్లీ లోపలికే దూరడం కూడా ఒక్కోసారి కనబడుతుంది.

అలా తిరిగి దూరడానికి పెద్ద కారణం మన కంప్యూటర్ టేబుళ్లు. క్యాబినెట్ కోసమని గూడు కట్టి, వెనక చెక్క బిగించి, దాన్ని గోడకు ఆనిస్తారు. మిషన్ వదిలిన వేడినే మిషన్ పీలుస్తుంది. ఒక స్టూడియోలో నేను ఫ్యాన్ల జోలికే పోకుండా, క్యాబినెట్‌ను గూట్లోంచి తీసి బల్ల మీద, గోడకు జానెడు ఎడంగా పెట్టించాను. రెండర్ నడుస్తుండగా 97 దగ్గర తచ్చాడిన అంకె తొంభై లోపలికి వచ్చింది. పక్కనున్న ఎయిర్ కూలర్‌ను మిషన్ ముఖానికి తిప్పుదామన్నాడు ఆ స్టూడియో కుర్రాడు. పొడి ఎండల్లో అది గదిని చల్లబరిచే మాట నిజమే, కానీ ఆ తడి గాలి నేరుగా తగిలితే రెక్కల మీది దుమ్ము అట్ట కడుతుంది. దూరంగానే ఉంచమన్నాను.

దుమ్ము సంగతి కూడా ఫ్యాన్ల లెక్కలోనే ఉంది. బయటికి తోసేవి ఎక్కువై, లోపలికి తెచ్చేవి తక్కువైతే, కొరతపడ్డ గాలి స్క్రూ బెజ్జాల నుంచీ యూఎస్‌బీ సందుల నుంచీ దూరుతుంది, దుమ్మును వెంటబెట్టుకుని. లోపలికి తెచ్చే గాలి కాస్త ఎక్కువగా ఉంటే సందుల్లోంచి గాలి బయటికే పోతుంది, వచ్చేదంతా జాలీలోంచే రావాలి. రోడ్డు వారన ఉన్న దుకాణాల్లో ఆ జాలీ పది పదిహేను రోజులకే మూసుకుపోతుంది. మూసుకుపోయాక ముందు మూడు ఫ్యాన్లున్నా లేనట్టే. జాలీని నీళ్లకింద కడిగి, పూర్తిగా ఆరాకే బిగించాలి. లోపల బ్లోయర్ కొట్టేటప్పుడు కరెంటు తీసేసి, ఫ్యాను రెక్కల్ని వేలితో కదలకుండా పట్టుకోవాలి. వదిలేస్తే అవి మితిమీరిన వేగంతో తిరిగి బేరింగు పాడవుతుంది. ఈ పని ఎండాకాలం ముదిరాక కాకుండా, ఉగాదికి ఇల్లు దులిపేటప్పుడే చేసుకుంటే మేలు. అప్పుడైతే రిపేరు దుకాణాల్లో రద్దీ కూడా ఉండదు.