ఒకే వాక్యం, భిన్న భాష్యాలు

ప్యాపిలిలో ఒక విద్యార్థి నాకొక చిన్న పుస్తకం చూపాడు. హస్తప్రయోగం ఇస్లాములో నిస్సంశయంగా మహాపాపమని దాని సారం. “నిజమేనా సార్?” అన్న ఆ గొంతులో జిజ్ఞాస కంటె భయమే ఎక్కువ.

నిషేధాన్ని చెప్పడం ఆ పుస్తకం లోపం కాదు. భిన్నాభిప్రాయాన్ని దాచడం లోపం. ఖురాన్ 23వ అధ్యాయంలోని 5–7 వాక్యాలను ఆధారం చేసుకొని ఇమామ్ షాఫయీ (767–820) దీన్ని నిషేధించారు. మాలికీలదీ అదే మాట. హనఫీలు తప్పేనంటూనే, వ్యభిచారంలో పడే భయముంటే సడలింపునిచ్చారు. అహ్మద్ ఇబ్న్ హంబల్ (780–855) దీన్ని రక్తం తీయించుకోవడంతో పోల్చారని ఆయన అనుయాయులు చెప్పుకున్నారు. స్పష్టమైన నిషేధం లేదు గనుక ఇది అనుచితమే గాని నిషిద్ధం కాదన్నారు ఇబ్న్ హజ్మ్ (994–1064).

అధికసంఖ్యాకుల తీర్పు నిషేధమే, అది కాదనలేము. కాని వెయ్యేళ్ల క్రిందటి పండితులే తర్కించుకున్న విషయాన్ని నేడు తర్కానికి అతీతమని అచ్చువేయడం పాండిత్యం కాదు, పెత్తనం. ఆ కుర్రవానికి ముందుగా కావలసింది తీర్పు కాదు, ఈ చరిత్ర.