కెమెరా వెనకున్న ఎంపీ

రాజకీయ నాయకుడు, ఫొటో అనగానే మనకి ఏలూరు ఫైర్‌స్టేషన్ సెంటర్‌లో ఫ్లెక్సీలే గుర్తొస్తాయి. నాయకుడు పైన నవ్వుతుంటాడు, ఫొటో తీసిందెవరో ఎవరికీ పట్టదు. సర్ బెంజమిన్ స్టోన్ విషయంలో నాయకుడే కెమెరా వెనక నిలబడ్డాడు.

బర్మింగ్‌హామ్ గాజు వ్యాపారుల ఇంటివాడు. 1895లో కన్జర్వేటివ్ ఎంపీగా బ్రిటిష్ పార్లమెంటుకి వెళ్లి, 1910 ఎన్నికల దాకా అక్కడే ఉన్నాడు. తోటి సభ్యుల్ని, వచ్చిన అతిథుల్ని, పోలీసుల్ని, సిబ్బందిని టెర్రస్ మీదో రాతి గుమ్మం ముందో నిలబెట్టి తీశాడు. ఫొటోని పెయింటింగ్‌లా మసకగా తీయడం ఫ్యాషనైన రోజులవి. ఈయనకి అది పట్టలేదు. స్పష్టంగా ఉండాలి, వందేళ్ల తర్వాత కూడా పనికి రావాలి, అంతే. దేశమంతా అమెచ్యూర్లు ఇలాగే రికార్డు చేయాలని 1897లో ఏకంగా ఒక సంఘమే పెట్టాడు.

ఈ ఫొటోల్లో కళ లేదని కొట్టిపారేసేవాళ్లతో నేను ఒప్పుకోను. మంత్రికీ పోలీసుకీ అదే వెలుతురు, అదే దూరం, అదే బిగుసుకున్న నిలుపు. ఎవరినీ పెద్ద చేయడు, ఎవరినీ చిన్నబుచ్చడు. ఒక కన్జర్వేటివ్ ఎంపీ నుంచి ఇంత సమానత్వం నేనైతే ఊహించలేదు.

నా పేచీ వేరే ఉంది. అందరూ ప్రశాంతంగా నిలబడితే పార్లమెంటు ఒక పెళ్లి గ్రూప్ ఫొటోలా తయారవుతుంది. జరుగుతున్న చర్చని అప్పట్లో ఫొటో తీయనిచ్చేవారు కాదు కాబట్టి వాదన లేదు, ఓటు లేదు. ఆడవాళ్లు లోహపు జాలీ వెనక కూర్చుని సభని చూసిన కాలం అది. ఆ జాలీ తీసింది 1917లో. ఇండియాలో కరువులొచ్చిన ఆ ఏళ్లలో ఆ సభ మన గురించి ఏం తేల్చిందో ఈ మొహాల మీద కనపడదు.

2006లో ఆపరేషన్ కొల్లేరులో చేపల చెరువుల గట్లు కూల్చారు కదా. స్టోన్ అక్కడుంటే ఆఫీసర్ని, జేసీబీ డ్రైవర్ని, వల భుజాన వేసుకున్న వడ్డి కులపాయన్ని ఒకే గట్టు ముందు నిలబెట్టి, కింద పేర్లూ తేదీ రాసుకునేవాడు. అదైనా మన దగ్గర ఉంటే ఎంతో బావుండేది. కానీ ఆ చెరువు ఎవరి పేరున ఉంది, లీజు డబ్బులు ఎవరు తిన్నారు అన్నది మాత్రం ఆ ఫొటోలోకి కూడా వచ్చేది కాదు.