ఒంటికి పూసుకున్న మొక్కు

మే నెల ఎండలో తిరుపతి నడివీధిన ఒళ్ళంతా నామకొమ్ము పూసుకుని, చేత వేపమండతో, చెప్పుల్లేకుండా ఒకాయన పోతుంటాడు. నిన్నటిదాకా ఆయన ఏ బ్యాంకులోనో గుమాస్తా. పొరుగూరి వాళ్ళు ఫోన్లు తీస్తారు. మా ఆడవాళ్ళు చెంబుతో నీళ్ళు తెచ్చి కాళ్ళు కడుగుతారు. తాతయ్యగుంట గంగమ్మ జాతరంటే అది.

గుడిని అనంతాళ్వార్ ప్రతిష్ఠించాడని ఒకరంటారు, తాతాచార్యుల పేరే తాతయ్యగుంట అయిందని ఇంకొకరంటారు. ఆ తగవు మనకొద్దు. కథ మాత్రం పిల్లలకూ తెలుసు. ఆడపిల్లల్ని చెరబట్టే పాలెగాడు, అవిలాలలో దొరికి కైకాల వారింట పెరిగిన గంగమ్మ మీద చెయ్యేశాడు. ఆమె ఉగ్రరూపం చూసి పారిపోయి దాక్కున్నాడు. వాణ్ణి బయటికి రప్పించడానికే రోజుకో వేషం.

బైరాగికి తెల్లటి నామకొమ్ము. బండ వేషానికి కుంకుమ. ఆ రోజు వేషధారి నోట బూతులొస్తాయి, ఎవరూ ముఖం చిట్లించరు. తోటి వేషానికి బొగ్గుపొడి. దొరకు గంధం. ఆ దొరను చూసి, తన పై ప్రభువు వచ్చాడనుకుని పాలెగాడు బయటికొస్తాడు, తల తెగుతుంది. కైకాల వారు ఈ ఘట్టం నడిపే తీరు చూసి తీరాలి! తరతరాలుగా మోస్తున్న బరువు వాళ్ళ నడకలోనే తెలుస్తుంది. ఏ నాటక సమాజం చేయగలదు ఆ పని?

నాకు మాత్రం మర్నాటి మాతంగి ఇంకా ఇష్టం. చంపిన చేత్తోనే పాలెగాడి పెళ్ళాన్ని ఓదార్చడానికి వెళ్తుంది అమ్మ. ఆ ఓదార్పు కోసం మీసాలు తీసేసి, చీర కట్టి, సవరం పెట్టుకుని వందల మంది మగవాళ్ళు గుడికి నడుస్తారు.

'పుష్ప 2'లో హీరో ఈ జాతర వేషంలో నీలం పూసుకుని కనిపించాక ఏమైంది? సినిమాను తప్పుపట్టను, దాని కథ దానిది. కానీ వీధి నిండా నీలం రంగు డబ్బాలు, ప్లాస్టిక్ నిమ్మకాయల దండలు! బైరాగి నుంచి దొర దాకా నీలానికి చోటెక్కడుందయ్యా? వేషం వేసుకున్నాక గుడికి పోకుండా రీలు తీసుకుని ఇంటికి పోతే అది మొక్కా, ముస్తాబా? అబ్బాయిల్లారా, కుంకుమ ఖరీదెంత? పెద్దవాళ్ళనడిగి పూసుకోండి, గుడిదాకా నడవండి.

చివరి రాత్రి గుడి ముందు మట్టితో అమ్మ విశ్వరూపం లేస్తుంది. తెల్లవారకముందే పేరంటాలు వేషధారి వచ్చి ఆ విశ్వరూపం చెంప నరుకుతాడు. ఆ మట్టికోసం జనం ఎగబడతారు. మా అవ్వ దాన్ని పసుపు డబ్బాలో దాచి, మాకు జ్వరమొస్తే నుదుటికి రాసేది. పోయినసారి ఆ తోపులాటలో నా పక్కనే నీలం పూసుకున్న కుర్రాడొకడు ఉత్త చేతులతో బిక్కముఖం వేసుకుని నిలబడ్డాడు. తిడదామనే తిరిగాను. నా పిడికిట్లోది సగం వాడి అరచేతిలో పెట్టాను.