ఆశ ఎవరిది, నష్టం ఎవరిది?

నాలుగో తరగతి నల్లబల్ల మీద ఒకరోజు "దురాశ దుఃఖానికి చేటు" అని రాసి, బంగారు గుడ్లు పెట్టే బాతు కథ చెప్పాను. రోజుకొక గుడ్డు చాలక, అన్నీ ఒకేసారి కావాలని బాతు పొట్ట కోసినవాడి కథ. చెప్పడం అయ్యాక ఏం నేర్చుకున్నారని అడిగితే అందరూ ఒకే గొంతుతో "ఆశ పడకూడదు" అన్నారు. వెనక వరసలో ఒక పిల్ల మాత్రం లేచి, "సార్, ఆశ పడింది అతను కదా, చచ్చిపోయింది బాతెందుకు?" అని అడిగింది.

ఆ రోజు నా దగ్గర జవాబు లేదు. ఇరవై ఏళ్లుగా చెబుతున్న కథలో బాతు వైపు నుంచి నేనెప్పుడూ చూడలేదు. అప్పటి నుంచి అధికారం గురించి, దురాశ గురించి ఏ రచన చదివినా ఆ పిల్ల ప్రశ్నే అడుగుతున్నాను. ఒక నీతికథ, ఒక కథ, ఒక నాటకం, ఒక నవల ఆ ప్రశ్నకు ఎంతవరకు జవాబిస్తాయో తోటి ఉపాధ్యాయులతో, మన యువతతో పంచుకోవాలని ఈ వ్యాసం.

నీతికథకు చోటు తక్కువ. పది వాక్యాల్లో తప్పు జరగాలి, శిక్ష పడాలి, నీతి తేలాలి. అందుకని దురాశను ఒక్క మనిషి బుద్ధిలో పెడుతుంది. ఆ మనిషి చివర్లో ఏడుస్తాడు, మనకు తృప్తి కలుగుతుంది. కానీ తాతల నాటి పొలం అప్పు కింద పోగొట్టుకున్న ఇంటి పిల్లవాడికి "ఆశ పడకు" అని చెప్పడంలో ఏదో పొరపాటు ఉంది. ఆ నీతి చేరాల్సిన ఇల్లు అది కాదు. సంతలో తూకం రాయి పట్టుకున్నవాడికి చెప్పాల్సిన మాట, చింతపండు బుట్ట మోసుకొచ్చినవాడికి చెబుతున్నాం.

కథ ఇంకొంచెం ముందుకు వెళుతుంది. టాల్‌స్టాయ్ 1886లో రాసిన కథ, మనిషికి ఎంత నేల కావాలి అన్నది, మనలో చాలామందికి తెలుసు. పహోమ్ అనే రైతుకు భూమి మీద ఆశ. చివరికి అతను బష్కీర్ల దేశానికి వెళతాడు. వాళ్లు పశువుల మీద బతికేవాళ్లు, నేల దున్నరు. వెయ్యి రూబుళ్లు కట్టి, పొద్దు పొడిచిన దగ్గర నుంచి పొద్దు గుంకే లోపల ఎంత నేల చుట్టి వస్తే అంతా నీదే అంటారు. ఇంకొంచెం, ఇంకొంచెం అని నడిచి, సూర్యుడు దిగిపోతుంటే పరుగెత్తి వచ్చి, అక్కడే కూలి చనిపోతాడు. చివరికి అతనికి పట్టింది ఆరడుగుల గొయ్యి.

పిల్లలకు ఇంతవరకే చెప్పి వదిలేస్తాం. కథను నిదానంగా చదివితే మనకు కావలసినవి ఇంకా రెండు ఉన్నాయి. మొదటిది, పహోమ్ పేదగా ఉన్నప్పుడు అతని పశువులు జమీందారిణి చేలో పడితే ఆమె మనిషి జరిమానా వేసేవాడు. తనకు భూమి వచ్చాక, తన గడ్డిలో పశువులు పడినందుకు పొరుగువాళ్ల చేత పహోమే జరిమానా కట్టిస్తాడు. నిన్న దెబ్బ తిన్నవాడే ఇవాళ కర్ర పట్టాడు. రెండోది, బష్కీర్లు భూమి ఇస్తామనగానే పహోమ్‌కు కలిగిన భయం. మీరు మంచివాళ్లే, రేపు మీ పిల్లలు వెనక్కి అడిగితే ఎలా అని కాగితం కావాలంటాడు. అవతలివాడి మంచితనాన్ని లాభంగా తీసుకుని, ఆ మంచితనం రేపు మారిపోకుండా కాగితంతో కట్టెయ్యడం మన ఏజెన్సీ గ్రామాలకు కొత్తగా చెప్పాల్సిన సంగతి కాదు.

ఇంత చూసిన టాల్‌స్టాయ్ కూడా ఒకచోట ఆగిపోయాడనిపిస్తుంది. కథలో బష్కీర్లు ఎప్పుడూ నవ్వుతూ ఉంటారు. పహోమ్ కలలో సైతాను వాళ్ల పెద్ద రూపంలోనే కనిపిస్తాడు. నేల అమ్ముకున్నవాళ్లే ఆశ పెట్టినవాళ్లయ్యారు! చరిత్రలో జరిగింది వేరు. 19వ శతాబ్దంలో బష్కీర్ల భూములు కారుచౌకగా బయటివాళ్ల చేతుల్లోకి వెళ్లిపోయాయి. టాల్‌స్టాయ్ స్వయంగా బష్కీర్ల మధ్య గడిపినవాడే, 1871లో ఆ సమారా ప్రాంతంలో భూమి కొన్నవాడే. కథలో పహోమ్ ఒక్కడు చచ్చిపోతే లెక్క సరిపోయినట్టు ఉంటుంది. చచ్చిపోని పహోమ్‌ల సంగతి, నేల పోయిన బష్కీర్ల సంగతి కథ బయట మిగిలిపోయాయి.

మనకు దగ్గరలో, కొండ దిగితే వచ్చే విజయనగరంలో పుట్టిన నాటకం కన్యాశుల్కం. 1892లో మొదటిసారి ఆడారు. 1897లో అచ్చయింది. 1909లో గురజాడ దాన్ని బాగా పెంచి తిరగరాశారు. అగ్నిహోత్రావధానులు పెద్దకూతురు బుచ్చమ్మను డబ్బు తీసుకుని ముసలివాడికి ఇచ్చాడు. ఆమె చిన్నవయసులోనే విధవ అయింది. అయినా రెండో కూతురు సుబ్బిని అలాగే లుబ్ధావధానులుకు ఇవ్వడానికి సిద్ధపడతాడు. లుబ్ధుడంటేనే పిసినారి, పేరులోనే గుణం పెట్టారు గురజాడ.

నాటకమంటే మాటలు. దురాశ తన గురించి తాను ఎలా మాట్లాడుకుంటుందో చూపించగలిగేది నాటకమే. ఈ నాటకంలో ఎవడూ "నాకు దురాశ" అనుకోడు. ఒకడు ఆచారం అంటాడు, ఒకడు శాస్త్రం అంటాడు, ఒకడు పరువు అంటాడు. తండ్రి అరిస్తే ఇల్లంతా నోరు మూసుకుంటుంది, అదే అక్కడ అధికారం. దురాశ ఎంత తెలివితక్కువదో కూడా నవ్విస్తూ చూపిస్తారు. కరటకశాస్త్రి తన శిష్యుడికి ఆడవేషం వేసి పెళ్లికూతురని చూపిస్తే, చవకగా వస్తోందని లుబ్ధావధానులు ఆ మగపిల్లవాణ్ణే కట్టుకుంటాడు.

ఇది ఒకరిద్దరి గుణం కాదని గురజాడకు బాగా తెలుసు. విజయనగరం మహారాజు విశాఖ మండలంలో ఇలాంటి పెళ్లిళ్ల లెక్క తీయిస్తే మూడేళ్లకు 1034 తేలాయని మొదటి కూర్పు ముందుమాటలో రాశారు. అది ఒక అంగడి. అయితే నాటకమంతా ఎవరి పెళ్లి చుట్టూ తిరుగుతుందో ఆ సుబ్బి మాట మనకు దాదాపు వినిపించదు. బేరం ఆడేవాళ్ల మాటలే వేదిక నిండా ఉన్నాయి. బాతు ఇక్కడా మాట్లాడలేదు.

నవల మాత్రం నిదానంగా నడవగలదు. ఒక కుటుంబం నాశనం కావడానికి ఎన్ని చేతులు కలుస్తాయో ఒక్కొక్కటిగా చూపించగలదు. గోపీనాథ్ మహంతి 1945లో ఒడియాలో ప్రచురించిన పరజా అలాంటిది. ఆయన కోరాపుట్‌లో ప్రభుత్వోద్యోగిగా పనిచేసినవారు. కోరాపుట్‌కు ఇవతల, మన ముంచింగిపుట్టు, పెదబయలు వైపు పోర్జ అన్నదమ్ములు ఉన్నారు కదా, ఆ జనం కథే ఇది.

సుక్రు జానికి ఇద్దరు కొడుకులు, ఇద్దరు కూతుళ్లు. అతనికీ ఆశ ఉంది. ఇంకొంచెం నేల చదును చేయాలి, కొడుకులకు పెళ్లిళ్లు చేయాలి, ఇల్లు నిండుగా ఉండాలి. ఫారెస్టు గార్డు కన్ను పెద్దకూతురు జిలి మీద పడుతుంది. సుక్రు ఒప్పుకోడు. అంతే, కొట్టిన చెట్లు నేరమవుతాయి. జరిమానా పడుతుంది. జరిమానాకు షావుకారు దగ్గర అప్పు, అప్పుకు బదులు గోతి. పెద్దకొడుకు మాండియా ఓలి డబ్బు కోసం సారా కాచి పట్టుబడి, అతనూ గోతిగా చేరతాడు. నేల తనఖా పెడితే అది తిరిగి రాదు. కోర్టుకెళితే కోర్టు షావుకారు మాటే నమ్ముతుంది. చివరికి తండ్రీకొడుకులు షావుకారును గొడ్డలితో నరికి, తామే పోలీస్ స్టేషనుకు వెళ్లి లొంగిపోతారు.

పహోమ్‌ను, సుక్రు జానిని పక్కపక్కన పెట్టి చూడండి. ఇద్దరూ కోరింది ఒకటే, ఇంకొంచెం నేల. పహోమ్ చేతిలో డబ్బుంది, అడిగితే కాగితం రాసిచ్చేవాళ్లున్నారు. సుక్రు చేతిలో గొడ్డలి, నాగలి తప్ప ఏమీ లేవు. అందుకే ఒకడి ఆశకు వేరేవాళ్ల నేల కరిగింది, ఇంకొకడి ఆశకు తన ఇల్లే కరిగింది. కాబట్టి ఎంత కోరాడన్నదాన్ని బట్టి దురాశను కొలవకూడదు. కోరినదాని ఖర్చు ఎవరి చేత కట్టించగలడన్నదాన్ని బట్టి కొలవాలి. అలా కట్టించగల బలమే అధికారం. నీతికథ ఈ తేడా చూపించలేదు. నవల చూపించింది, ఎందుకంటే గార్డు, జరిమానా, అప్పు, తనఖా, కోర్టు అన్నీ పట్టేంత చోటు దానికుంది.

మా ఏజెన్సీ పెద్దలకు గోతి అనే మాట వివరించక్కరలేదు. 1976లో వెట్టిచాకిరీ నిషేధ చట్టం వచ్చింది. భూమి గిరిజనేతరులకు పోకుండా 1959లో నిబంధన, దానికి 1970లో సవరణ వచ్చాయి. దాన్నే మనం 1/70 అంటున్నాం. 1997లో సమతా తీర్పు వచ్చింది. షావుకారు పాత పద్ధతిలో రాలేడు. కొత్త పద్ధతిలో వస్తున్నాడు. ఆ కథ ఎవరు రాయాలి?

ఇక్కడ నా ఇంటి సంగతి ఒకటి చెప్పకపోతే ఈ వ్యాసానికి నిజాయితీ ఉండదు. మా మండల కేంద్రంలో ఒక వ్యాపారికి దుకాణం కట్టుకోవడానికి స్థలం కావలసి వచ్చింది. చట్టం ఒప్పుకోదు కాబట్టి ఒక గిరిజనుడి పేరు కావాలి. మా నాన్న తన పేరు ఇచ్చాడు. దానికి కొంత డబ్బు తీసుకున్నాడు. నా ఉపాధ్యాయ శిక్షణ డిప్లొమా ఫీజు ఆ డబ్బుతోనే కట్టాం. కాగితాల్లో పేరు ఇప్పటికీ మా నాన్నదే, గల్లాపెట్టె మాత్రం వేరేవాళ్లది. ఆ స్థలం ముందు ఎవరిదో, వాళ్లు ఇప్పుడు ఎక్కడ కూలికి పోతున్నారో నాకు తెలుసు. వాళ్ల మనవడు నా బడిలోనే చదివాడు.

మా నాన్నది ఆశా, దురాశా? కొడుకును చదివించాలన్న కోరిక సుక్రు జాని కోరిక లాంటిదే. కానీ దాని ఖర్చు ఇంకో గిరిజన కుటుంబం కట్టింది. జరిమానా కట్టిన పహోమే జరిమానా వేయించిన చోటు అదే. మహంతి నవల ఎంత గొప్పదైనా బయటి నుంచి వచ్చిన అధికారి మనల్ని ప్రేమతో చూసి రాసినది. ప్రేమతో చూసేవాళ్లకు మన గాయాలు కనిపిస్తాయి. మన సంతకాలు కనిపించాలంటే మనమే రాయాలి.

తోటి ఉపాధ్యాయులకు నా మనవి ఒకటే. ఏ పాఠం చెప్పినా చివర్లో నీతి అడగడానికి ముందు మూడు ప్రశ్నలు అడగండి. ఇందులో ఆశ ఎవరిది? నష్టం ఎవరిది? మధ్యలో కాగితం ఉంటే అది ఎవరు రాశారు? పిల్లలు చెప్పే జవాబులు మనకు ఇబ్బందిగా ఉండవచ్చు. నాకు ఉన్నాయి.

మన యువతకు చెప్పేది కూడా ఉంది. కథ రాస్తారో, నాటకం కట్టి సంత రోజు ఆడతారో, మన భాషలో పాట కడతారో మీ ఇష్టం. చెడ్డ షావుకారు, మంచి గిరిజనుడు అని మాత్రం సరిపెట్టకండి. పేరు ఇచ్చినవాడినీ, సాక్షి సంతకం పెట్టినవాడినీ, చూసి ఊరుకున్న నాలాంటి పంతులునూ అందులోకి తీసుకురండి.

బాతు ఎందుకు చచ్చిపోయిందని అడిగిన ఆ పిల్ల ఇప్పుడు ఇంటర్ చదువుతోంది. మొన్న సంతలో కనిపిస్తే, ఏమైనా రాస్తున్నావా అని అడిగాను. నవ్వి, "రాస్తున్నాను సార్, మీకు చూపించను" అంది. చూపించకపోయినా పరవాలేదు, రాస్తే చాలు.