రొద తీసేసిన మనిషి

పందిట్లో పాట మొదలవక ముందే మనకి వినపడేది ఒకటుంటుంది. మైకుసెట్టు అతను ఆంప్లిఫయర్ ఆన్ చెయ్యగానే స్పీకర్లలోంచి గుయ్యిమంటూ వచ్చే రొద. కృష్ణా డెల్టాలో శ్రీరామనవమి పందిళ్ళలో కచేరీలు విన్నవాళ్ళకి దాని గురించి వేరే చెప్పక్కర్లేదు. తంబురా శ్రుతి కంటే ముందు ఆ రొదే సభంతా పరుచుకుంటుంది. గాయకుడు గొంతెత్తితే దాన్ని మరిచిపోతాం. తీగ వాయిద్యమైతే మరిచిపోవడం కష్టం. ఒక మీటుకీ ఇంకో మీటుకీ మధ్య నిశ్శబ్దం ఉండాల్సిన చోట అది దూరి కూర్చుంటుంది.

ఈ రొదతో తగువు పెట్టుకుని గెలిచిన మనిషి సెత్ లవర్. 1910లో అమెరికాలోని మిషిగన్ రాష్ట్రం, కాలమజూ ఊళ్ళో పుట్టాడు. 1997 జనవరిలో కాలిఫోర్నియాలో పోయాడు. ఎలక్ట్రిక్ గిటార్ పికప్‌లు తయారుచేసేవాళ్ళు ఇవాళ్టికీ గురువుగా తలుచుకునే పేరు. మన సంగీతంతో ఆయనకి నేరుగా ఏ సంబంధమూ లేదు. అయినా ఆయన్ని మనం తలుచుకోవడానికి ఒక కారణం ఉంది. మన డెల్టాల్లోంచి వచ్చిన ఒక గొప్ప వాద్యకారుడి సంగీతం, మాండలిన్ శ్రీనివాస్ సంగీతం, పికప్ అనే చిన్న వస్తువు లేకపోతే మనం విన్న రూపంలో ఉండేది కాదు. ఆ వస్తువు గురించీ, దాన్ని చేసే చేతుల గురించీ మన సంగీత విమర్శ మాట్లాడటం బహు అరుదు.

పికప్ అంటే ఏమిటో ముందు చెప్పుకుందాం. గిటార్ మీద ఉక్కు తీగల కింద అయస్కాంతం ఉంటుంది. దాని చుట్టూ వెంట్రుకంత సన్నటి రాగితీగ వేల చుట్లు చుట్టి ఉంటుంది. ఉక్కు తీగ ఊగితే అయస్కాంత క్షేత్రం ఊగుతుంది, రాగిచుట్టలో చిన్న కరెంటు పుడుతుంది. ఆంప్లిఫయర్ ఆ కరెంటుని పెంచి స్పీకర్‌కి ఇస్తుంది. చిక్కేమిటంటే, ఆ రాగిచుట్ట తీగ మాటతో పాటు చుట్టుపక్కల ట్రాన్స్‌ఫార్మర్లు, కరెంటు వైర్లు చేసే అలజడిని కూడా పట్టుకుంటుంది. అమెరికాలో కరెంటు సెకనుకి 60 సైకిళ్ళు, మన దగ్గర 50. ఎక్కడైనా రొద రొదే.

గిబ్సన్ కంపెనీలో పనిచేస్తూ లవర్ చేసింది వినడానికి చాలా తేలిక. ఒక చుట్ట బదులు రెండు చుట్టలు పక్కపక్కన పెట్టి, ఒకదాని కనెక్షను తిరగేశాడు. బయటి రొద రెండింటిలోకీ ఒకేలా వస్తుంది, ఒకటి తిరగబడింది కాబట్టి రెండూ కొట్టుకుపోతాయి. మరి తీగ శబ్దం కూడా కొట్టుకుపోవాలి కదా? పోదు. అయస్కాంతం దిక్కు కూడా ఒకదానికి తిరగేసి ఉంది. రెండుసార్లు తిరగబడితే సరిగ్గా వచ్చినట్టే. అందుకని తీగ శబ్దం రెండింతలవుతుంది, రొద పోతుంది. దీనికే హంబకర్ అని పేరు.

ఇందులో సూత్రం ఆయన కనిపెట్టింది కాదు. రొద తగ్గించడానికి జంట చుట్టలు వాడటం ఆంప్లిఫయర్ల పనిలో అప్పటికే ఉంది. అదే కాలంలో రే బట్స్ అనే మరో అమెరికన్ గ్రెచ్ కంపెనీ గిటార్ల కోసం విడిగా ఇలాంటిదే చేశాడు. లవర్ గొప్పతనం అల్లా దాన్ని పాటకి పనికొచ్చే కొలతల్లో కూర్చడంలో ఉంది. ఏ అయస్కాంతం, ఎన్ని చుట్లు, తీగకి ఎంత దూరం. చుట్టకి సుమారు 5,000 చుట్లు. 1955లో పేటెంట్‌కి దరఖాస్తు పెట్టారు, 1957 నాటికి లెస్ పాల్ గిటార్లలోకి వచ్చింది.

ఆ తర్వాత జరిగిందే అసలు కథ. ఒకే తీగని రెండు చోట్ల వింటే పైస్థాయి అనుస్వరాలు కొన్ని వాటిల్లో అవే తగ్గిపోతాయి. గిటార్ శబ్దంలో ఉండే పదును కాస్త మొద్దుబారి, మధ్యస్థాయి నిండుగా వస్తుంది. ఆయన బయల్దేరింది రొద తియ్యడానికి. లోకం ఎగబడింది ఈ గుండ్రటి నాదం కోసం. రాక్ సంగీతంలో బరువైన గిటార్ శబ్దం అని మనం గుర్తుపట్టేదాంట్లో చాలా భాగం ఈ రెండు చుట్టల చలవే.

ఇక్కడ విమర్శకులు ఆగి ఆలోచించాల్సింది ఉంది. పికప్ అద్దంలా ఉన్నదున్నట్టు చూపించదు. ఏది వినాలో, ఏది వదిలెయ్యాలో ముందే తేల్చేస్తుంది. ఆ తీర్పు చెప్పినవాడు వేదిక మీద ఉండడు. వాయించేవాడి వేళ్ళకి మనం ఇచ్చే మెప్పులో కొంత వాటా అతనిది.

మన దగ్గరికొద్దాం. ఉప్పలపు శ్రీనివాస్ 1969లో పాలకొల్లులో పుట్టాడు. 1978లో గుడివాడలో త్యాగరాజ ఆరాధనలో మొదటి కచేరీ చేశాడు, అప్పటికి తొమ్మిదేళ్ళు. మామూలు మాండలిన్‌కి నాలుగు జతల తీగలు. కొట్టిన స్వరం వెంటనే ఆరిపోతుంది. పాశ్చాత్యులు అందుకే ఒకే స్వరాన్ని గబగబా మళ్ళీ మళ్ళీ కొట్టి నిలబెడతారు. కర్ణాటక సంగీతానికి అది కుదరదు. తోడిలో గాంధారం ఊగాలంటే ఒక్క మీటులో పుట్టిన శబ్దం చివరిదాకా బతికి ఉండాలి. జత తీగల్ని ఒకేలా లాగి గమకం పలికించడమూ కష్టమే. శ్రీనివాస్ వాయించింది ఐదు ఒంటి తీగల ఎలక్ట్రిక్ మాండలిన్. ఒంటి తీగ వల్ల గమకం శుభ్రంగా పలికింది. పికప్పూ ఆంప్లిఫయరూ ఆరిపోతున్న శబ్దపు తోకని పట్టుకుని చెవిదాకా తెచ్చాయి. ప్రతిభ కుర్రాడిదే, అనుమానం లేదు. కానీ ఆ ప్రతిభకి ఊపిరి నిలిపింది రాగిచుట్ట.

ఆయన 2014లో 45 ఏళ్ళకే పోయినప్పుడు బాలమేధావి అన్నారు, దైవదత్తం అన్నారు. రెండూ ఒప్పుకోవచ్చు. అయితే అంతా దైవం ఖాతాలో వేసేస్తే, ఒక పరాయి వాయిద్యాన్ని మన రాగానికి లొంగదీసిన పని కనపడకుండా పోతుంది. తీగల సంఖ్య మార్చడం, కరెంటుని మచ్చిక చేసుకోవడం, ఇవన్నీ సంగీతపు నిర్ణయాలే.

కరెంటు వాయిద్యం అని ముఖం చిట్లించేవాళ్ళు ఉన్నారు. వాళ్ళ మాటని తోసిపారెయ్యకూడదు. వీణనే చూడండి. మన నూజివీడు వీణలకి పేరున్న ఊరు. పనసచెక్క కుండలోంచి వచ్చే మెత్తటి నాదం పెద్ద హాలులో వెనక వరసకి చేరదు. అందుకని కాంటాక్ట్ మైకు అతికించారు. అది గిటార్ పికప్‌లా అయస్కాంతంతో కాకుండా, చెక్క అదురుని పట్టుకుంటుంది. సరిగ్గా కుదరకపోతే గోటి చప్పుడు, మెట్ల మీద వేలి రాపిడి ముందుకొచ్చి, నాదం వెనక్కి పోతుంది. పోనీ గిటార్ పికప్ పెడదామంటే, సారణి, పంచమం ఉక్కు తీగలు కాబట్టి పలుకుతాయి, మంద్రం, అనుమంద్రం సాధారణంగా ఇత్తడివో కంచువో కాబట్టి డీలాపడతాయి. వీణ కింది స్థాయి పోయిందంటే సగం వీణ పోయినట్టే. అంటే ఇక్కడ లోపం కరెంటుది కాదు. వీణ కోసమని కూర్చుని, విని, కొలతలు తేల్చిన లవర్ లాంటి మనిషి కావాలి. అలాంటి పనిని సంగీతంలో భాగంగా లెక్కవేసే శ్రోతలూ కావాలి.

గుర్తింపు సంగతిలో లవర్‌కి కూడా తక్కువే దక్కింది. పేటెంట్ హక్కు కంపెనీది. 1959లో అది మంజూరయ్యేదాకా, ఆ తర్వాత కూడా కొన్నాళ్ళు, పికప్ అడుగున అంటించిన చిన్న చీటీ మీద ‘పేటెంట్‌కి దరఖాస్తు చేశాం’ అన్న అర్థం వచ్చే మాటలే ఉండేవి. తర్వాత నంబరు అచ్చువేశారు, అది కూడా లెస్ పాల్ పేరు మీద ఉన్న వేరే పేటెంటుది! ఆ చీటీ ఉన్న పాత పికప్‌లు ఇవాళ వేల డాలర్లకి అమ్ముడుపోతాయి. లవర్ 1967లో ఫెండర్ కంపెనీకి మారి, అక్కడ ఇంకో హంబకర్ చేశాడు. చాలా ఆలస్యంగా, 1990లలో, సెమూర్ డంకన్ కంపెనీ ఆయన పేరుతోనే ఒక పికప్ తెచ్చింది. అక్కడ వాయించేవాళ్ళు తయారీదార్ల పేర్లు పట్టించుకుని, రాసుకుని, వాదించుకున్నారు కాబట్టి ఆ మాత్రమైనా జరిగింది.

మన కచేరీల్లో గాత్రం, వయొలిన్, మృదంగం, ఘటం, తంబురా, అందరి పేర్లూ మైకులో చదువుతారు. వీణ ఎవరు చేశారో చెప్పరు. మైకు ఎవరు అమర్చారో, ఏ తీగలు వేశారో సమీక్షలో ఉండదు. కచేరీ బాగాలేకపోతే మాత్రం ‘మైకు బాలేదు’ అని ఒక్క ముక్కలో తేల్చేస్తాం. బాగున్నప్పుడు ఆ మైకు ఎందుకు బాగుందో కూడా రాస్తే తప్పేముంది? ఈసారి తుమ్మలపల్లి కళాక్షేత్రంలోనో ఇంకెక్కడో వీణ కచేరీ విని సమీక్ష రాసేవాళ్ళు రాగాల జాబితా పక్కన ఇంకో రెండు వాక్యాలు చేర్చాలి: ఈ వీణ ఎవరి చేతిలో తయారైంది, ఈ నాదం మన చెవిదాకా దేని గుండా వచ్చింది.