దెబ్బ తగిలిందని బడి చెప్పాలి

బడిలో పిల్లలకు దెబ్బలు తగులుతాయి. ఇంటర్వెల్‌లో పరుగెత్తి పడతారు, బెంచీ మూలకు నుదురు కొట్టుకుంటారు, మెట్ల మీద తోపులాటలో మోచేతులు గీరుకుపోతాయి. వీటిలో బడి తప్పు ఉన్నవి కొన్ని, ఎవరి తప్పూ లేనివి కొన్ని. ఎంత మంచి బడి అయినా పిల్లలు పడకుండా పూర్తిగా ఆపలేదు. పడ్డారని ఇంటికి కబురు చేయడం మాత్రం ప్రతి బడికీ సాధ్యమే. సాయంత్రం స్నానం చేయిస్తున్నప్పుడో, యూనిఫాం మారుస్తున్నప్పుడో తల్లి కంటపడేదాకా ఆ సంగతి ఇంట్లో ఎవరికీ తెలియలేదంటే, అక్కడ రెండు విషయాలున్నాయి. ఒకటి దెబ్బ, రెండోది ఆ దెబ్బ గురించి ఎవరూ నోరు విప్పకపోవడం. బడితో మాట్లాడటానికి వెళ్ళే తల్లిదండ్రులు ఈ రెండింటినీ విడదీసి చూస్తే సగం గొడవ తగ్గుతుంది, అసలు ప్రశ్న నిలబడుతుంది.

కబురు అందకపోతే పోయేది మర్యాద ఒక్కటే అయితే సర్దుకుపోవచ్చు. పోయేది సమయం. తలకు దెబ్బ తగిలిన పిల్లలు చాలాసార్లు మామూలుగానే ఆడుకుంటారు. అయినా 24 నుంచి 48 గంటలు కనిపెట్టుకుని ఉండమని డాక్టర్లు చెబుతారు. పదేపదే వాంతులు, తగ్గకుండా పెరిగే తలనొప్పి, లేపినా సరిగా లేవలేని మత్తు, తడబడే నడక, పొంతన లేని మాటలు, ఫిట్స్, చెవి నుంచో ముక్కు నుంచో నీళ్ళలాంటి ద్రవం కారడం, వీటిలో ఏది కనిపించినా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. మధ్యాహ్నం జరిగింది తెలియని తల్లి, రాత్రి పిల్లవాడు వాంతి చేసుకుంటే తిన్నది పడలేదనుకుంటుంది. తొందరగా పడుకుంటే అలసిపోయాడనుకుని దుప్పటి కప్పుతుంది. ఆమె దగ్గర ఉండాల్సిన ఒక్క సమాచారం బడిలోనే ఆగిపోయింది.

పన్ను సంగతీ అంతే. పాలపన్ను ఊడితే దాన్ని తిరిగి పెట్టరు. శాశ్వత దంతం మొదలంటా ఊడివస్తే మాత్రం వేరు భాగాన్ని తాకకుండా, రుద్ది కడగకుండా, పాలలో వేసి వీలైతే గంటలోపే దంతవైద్యుడి దగ్గరికి చేర్చాలి. అలా చేరిస్తే అది మళ్ళీ నిలిచే అవకాశం బాగా ఉంటుంది. బడి వదిలాక తెలిస్తే ఆ అవకాశం చాలావరకు పోయినట్టే. చేయి ఆనించి పడ్డ చిన్నపిల్లలకు మోచేతి పైన ఎముక విరగడం తరచుగా జరిగేదే. దాని పక్కనే రక్తనాళాలూ నరాలూ ఉంటాయి గనుక వేళ్ళు చల్లబడినా, తిమ్మిరెక్కినా ఆలస్యం పనికిరాదు. అన్నిటికన్నా భయపడవలసింది కుక్క గీరినప్పుడు. మధ్యాహ్న భోజనం ఎంగిలి కోసం కుక్కలు ఆవరణలోకి వచ్చే బళ్ళు మన ఊళ్ళలో కొత్త కాదు. నెత్తురు రానంత చిన్న గీత అయినా సబ్బుతో 15 నిమిషాలు ధారగా కడిగి, ఆ రోజే డాక్టరుకు చూపించి టీకా మొదలుపెట్టించాలి. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక ప్రాణం నిలిపే వైద్యం దాదాపు లేదు. కుక్క గీరిందని ఇంటికి చెప్పకపోవడానికి ఏ బడి చెప్పే ఏ కారణమూ చాలదు.

ఎందుకు చెప్పరు? ఆయాకు ఉద్యోగ భయం. క్లాస్ టీచరుకు నలభై యాభై మంది పిల్లలు, పీరియడ్ మారితే మరో తరగతి. పీఈటీ సారు మైదానంలో ఐస్ ముక్క పెట్టి, ఏడుపు ఆగింది కదా అనుకుని వదిలేస్తారు. ప్రిన్సిపాల్‌కు గేటు దగ్గర గొడవ అవుతుందని బెరుకు, కరస్పాండెంటుకు అడ్మిషన్ల మీద దిగులు. పిల్లలు కూడా దాస్తారు. ఆడుకుంటూ పడ్డానంటే ఇంట్లో తిడతారని కొందరు, పేరు చెబితే రేపు ఊరుకోనని తోటిపిల్లవాడు బెదిరించాడని కొందరు. దాచాలని బడి మొత్తం కూడబలుక్కునే సందర్భాలు తక్కువ. ఎక్కువ చోట్ల ఇంటికి ఫోను చేయడం ఎవరి పనో ముందే తేల్చి ఉండదు, అందుకే ఎవరూ చేయరు. అయితే ‘ఇంట్లో చెప్పకు’ అని పెద్దవాళ్ళే పిల్లలకు చెప్పిన చోట సంగతి పూర్తిగా మారుతుంది. నిర్లక్ష్యాన్ని మాట్లాడి సరిదిద్దవచ్చు. పిల్ల నోరు మూయించడాన్ని మాత్రం ఏ తల్లిదండ్రులూ చిన్న విషయంగా వదలకూడదు.

ఇంగ్లండ్‌లో ఐదేళ్ళలోపు పిల్లల్ని చూసుకునే సంస్థలకు ఈ విషయంలో చట్టబద్ధమైన నిబంధన ఉంది. ప్రమాదం జరిగినా, దెబ్బ తగిలినా, చేసిన ప్రథమ చికిత్సతో సహా అదే రోజున, లేదా వీలైనంత త్వరగా తల్లిదండ్రులకు తెలియజేయాలి. తలకు దెబ్బ తగిలితే ఏ లక్షణాలు గమనించాలో రాసిన చిన్న కాగితం పిల్లల చేతికిచ్చి పంపడం అక్కడి బళ్ళలో మామూలు. అక్కడ పిల్లల్ని చదివిస్తున్న తెలుగు కుటుంబాలకు ఆ కాగితం తెలిసిందే. మన బళ్ళలో అదే పనికి డైరీలో రెండు వాక్యాలు చాలు.

దెబ్బ కనిపించిన సాయంత్రం ఇంట్లో జరగవలసిన పనులకు ఒక వరుస ఉంది. ముందు వైద్యం, తర్వాతే విచారణ. పిల్లను అడిగే తీరు మీద చాలా ఆధారపడి ఉంటుంది. ‘సారు కొట్టారా?’, ‘ఆ పక్కింటివాడే కదా తోసింది?’ అని అడిగితే భయపడ్డ పిల్ల పెద్దవాళ్ళ ముఖం చూసి ఊ కొడుతుంది. తర్వాత నిజం ఏదో ఎవరూ తేల్చలేరు. ‘ఇదేంటమ్మా, ఏమైంది?’ అని అడిగి, ‘ఆ తర్వాత?’ అంటూ ఓపిగ్గా వినాలి. నానమ్మ ఒకసారి, బాబాయి ఒకసారి, పక్కింటివాళ్ళు ఒకసారి అడిగితే ప్రతిసారీ కథ కాస్త మారుతుంది. అది పిల్ల అబద్ధం కాదు, చిన్న వయసు జ్ఞాపకం తీరే అంత. కాబట్టి ఒకరే అడగాలి, పిల్ల అన్న మాటల్ని అన్నట్టుగానే తేదీ, టైము వేసి రాసిపెట్టాలి. ఏడుస్తున్న పిల్లను కెమెరా ముందు నిలబెట్టి చెప్పించడం మంచిది కాదు.

దెబ్బకు ఫోటో మాత్రం తీయాలి. దగ్గర నుంచి ఒకటి, శరీరంలో ఎక్కడో తెలిసేలా దూరం నుంచి ఒకటి, పక్కన స్కేలు పెట్టి ఒకటి. కమిలిన మచ్చ రంగు చూసి అది ఎన్ని రోజుల నాటిదో కచ్చితంగా చెప్పలేమని వైద్యులే అంటారు, అందుచేత ఆ రోజే తీసిన ఫోటోకు విలువ ఎక్కువ. ఆడుతూ పడితే సాధారణంగా మోకాలు, మోచేయి, నుదురు, గడ్డం లాంటి ఎముక తేలిన చోట్ల తగులుతుంది. చెవులు, బుగ్గలు, వీపు, పిరుదులు, తొడల వెనక కమిలినా, బెత్తం వాతలా గీతలు కనిపించినా డాక్టరుకు ప్రత్యేకంగా చూపించాలి. దాంతోనే నేరం రుజువైనట్టు కాదు గానీ, ఓపీ చీటీలో దెబ్బ కొలతలూ, పిల్ల చెప్పిన కారణమూ నమోదై ఉండాలి. ఎవరో కొట్టారన్న అనుమానం ఉంటే ప్రభుత్వ ఆసుపత్రిలో మెడికో లీగల్ కేసుగా రాయించుకుంటే తర్వాత గాయాల వివరాలతో ఇచ్చే వూండ్ సర్టిఫికెట్‌కు ఆధారం ఉంటుంది.

బడికి వెళ్ళడం ఆ తర్వాత. వ్యాను డ్రైవర్ని నిలదీయడం, గేటు దగ్గర వాచ్‌మన్ మీద అరవడం, పేరెంట్స్ వాట్సాప్ గ్రూపులో ఫోటో పెట్టడం, ఇవన్నీ ఎదుటివాళ్ళను తమను కాపాడుకునే పనిలో పడేస్తాయి. పైగా పిల్ల ఫోటో ఊరంతా తిరుగుతుంది. తోసిన పిల్లవాణ్ణి బడి బయట పట్టుకుని బెదిరించడమైతే ఎంత బాధలో ఉన్నా చేయకూడని పని. అతనూ పిల్లవాడే. ముందు క్లాస్ టీచరుతో ఫోనులో మాట్లాడాలి, అదే రోజు ప్రిన్సిపాల్‌కు రాతలో ఇవ్వాలి. ఆ కాగితం పొడుగ్గా ఉండనక్కర్లేదు. ‘మూడో తరగతి బి సెక్షన్ చదువుతున్న మా పాపకు మంగళవారం సాయంత్రం కుడి మోచేతికి వాపు కనిపించింది. ఉదయం బడికి వచ్చేటప్పుడు లేదు. ఏ సమయంలో, ఎక్కడ, ఎలా జరిగింది, అక్కడ ఎవరు ఉన్నారు, ఏం ప్రథమ చికిత్స చేశారు, మాకెందుకు తెలియజేయలేదు అన్న వివరాలు రాతపూర్వకంగా ఇవ్వగలరు. ఆ రోజు సీసీటీవీ రికార్డింగు చెరిగిపోకుండా ఉంచగలరు.’ ఇందులో నింద ఒక్కటీ లేదు, తప్పించుకునే వీలూ లేదు. నకలు మీద ఆఫీసు ముద్ర, తేదీ వేయించుకోవాలి. తీసుకోవడానికి ఒప్పుకోకపోతే స్పీడ్ పోస్టులో పంపాలి.

సీసీటీవీ సంగతి మొదటి కాగితంలోనే రాయడానికి కారణం ఉంది. 2025 జూలైలో సీబీఎస్ఈ తన అనుబంధ పాఠశాలల్లో తరగతి గదులు, వరండాలు, మెట్లు, ఆటస్థలం వంటి చోట్ల కెమెరాలు తప్పనిసరి చేసి, రికార్డింగును కనీసం 15 రోజులు ఉంచాలంది. ఆ గడువు దాటితే కొత్తది పాతదాన్ని చెరిపేయవచ్చు. దృశ్యాల్లో ఇతర పిల్లలు ఉంటారు గనుక బడి కాపీ ఇవ్వకపోవచ్చు. ఆఫీసులో కూర్చోబెట్టి చూపించమనీ, అధికారులు అడిగేదాకా భద్రపరచమనీ కోరడం న్యాయమైన కోరికే.

ప్రిన్సిపాల్ గదిలో ‘మీవాడే అల్లరి’ అన్న మాట వచ్చితీరుతుంది. దాని మీద వాదనకు దిగితే అరగంట అక్కడే పోతుంది. ‘అల్లరి చేశాడనే అనుకుందాం మేడమ్, దెబ్బ తగిలాక మాకు ఫోను ఎందుకు రాలేదు?’ అని మళ్ళీ దారిలోకి తేవాలి. మంచి బడి ఈ ప్రశ్నకు సూటిగా జవాబిస్తుంది, పొరపాటైతే పొరపాటనే అంటుంది, మళ్ళీ జరగకుండా ఏం మార్చిందో చెబుతుంది. అలాంటి బడితో అక్కడితో ముగించుకోవడమే సబబు. ఏం మాట్లాడుకున్నారో ఆ సాయంత్రమే ప్రిన్సిపాల్‌కు మెసేజీగానో మెయిల్‌గానో పంపితే రెండు వైపులా గుర్తుంటుంది.

జవాబు రాకపోతే పై మెట్లు ఉన్నాయి. మండల విద్యాధికారి, జిల్లా విద్యాశాఖాధికారి, కలెక్టరేట్‌లో సోమవారం అర్జీల వేదిక. విద్యాహక్కు చట్టం 32వ సెక్షన్ ప్రకారం రాతపూర్వక ఫిర్యాదును స్థానిక అధికార సంస్థ మూడు నెలల్లో తేల్చాలి, దాని మీద రాష్ట్ర బాలల హక్కుల పరిరక్షణ కమిషన్‌కు అప్పీలు చేసుకోవచ్చు. కొట్టినట్టు తేలితే అదే చట్టం 17వ సెక్షన్ శారీరక శిక్షనూ మానసిక వేధింపునూ నిషేధిస్తోంది. బాలల న్యాయ చట్టం 2015లోని 75వ సెక్షన్, పిల్లల బాధ్యత చేతిలో ఉన్నవారు దాడి చేసినా, కావాలని నిర్లక్ష్యం చేసి బాధకు గురిచేసినా నేరమంటోంది. లైంగిక దాడి అనుమానం ఉన్నప్పుడు మాత్రం ఈ మెట్లేవీ ఎక్కకుండా నేరుగా పోలీసుల దగ్గరికే వెళ్ళాలి. పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం తెలిసిన ప్రతి ఒక్కరూ చెప్పితీరాలి, కింది ఉద్యోగి చేసిన నేరాన్ని దాచిన సంస్థ అధిపతికి ఏడాది దాకా జైలుశిక్ష ఉంది.

చాలామంది ఇక్కడిదాకా రారు. రేపటి నుంచి పిల్లను టార్గెట్ చేస్తారని, టీసీ ఇవ్వరని భయం. ఆ భయం తీసిపారేయదగ్గది కాదు. అయితే ఎనిమిదో తరగతి లోపు పిల్ల ప్రభుత్వ, ఎయిడెడ్ బడికి మారాలనుకుంటే టీసీ వెంటనే ఇవ్వాలనీ, అది ఆలస్యమైందని కొత్త బడి చేర్చుకోకుండా ఉండరాదనీ విద్యాహక్కు చట్టం 5వ సెక్షన్ చెబుతోంది. గురుకులాల్లో, హాస్టళ్ళలో పిల్లల్ని పెట్టి వలసపోయిన కూలీల పరిస్థితి ఇంకా కష్టం. వాళ్ళకు స్నానం చేయిస్తూ దెబ్బ చూసుకునే సాయంత్రం కూడా ఉండదు. వార్డెన్ ఫోనే దిక్కు. రాతపని రాదని వెనక్కి తగ్గే ఆ అమ్మానాన్నలు 1098కి ఫోను చేసి నోటిమాటగా చెప్పవచ్చు. అది ఉచితం, రాత్రీ పగలూ పనిచేస్తుంది, పిల్లలు సొంతంగా కూడా చేయవచ్చు.

ప్రభుత్వ, ఎయిడెడ్ బళ్ళ యాజమాన్య కమిటీల్లో చట్టప్రకారం నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే. జూన్‌లో బళ్ళు తెరిచాక జరిగే మొదటి సమావేశంలో వాళ్ళు, ప్రైవేటు బళ్ళలో పేరెంట్స్ మీటింగుకు వెళ్ళేవాళ్ళు, ఒక తీర్మానం అడిగి రాయించాలి. తలకు దెబ్బ, ఎముకకు దెబ్బ, ఊడిన పన్ను, కుక్క కాటు లేదా గీత, వీటికి వెంటనే ఫోను రావాలి. మిగతావి ఆ రోజు డైరీలో ఉండాలి. ఫోను చేయవలసిన మనిషి పేరు ఆఫీసు గోడ మీద రాసి ఉండాలి.