సూర్యుడి ఉత్తర దక్షిణాలు: తేడా నిజమా, యాదృచ్ఛికమా?

సూర్యుడి మధ్యరేఖకు అటూ ఇటూ మచ్చలు సమానంగా పుట్టవు. 1645-1715 మధ్య, మాండర్ కనిష్ఠం అనే కాలంలో మచ్చలే అరుదయ్యాయి. ఆ కాలం చివరి దశాబ్దాల్లో పారిస్ పరిశీలకులు నమోదు చేసిన మచ్చలు దాదాపు అన్నీ దక్షిణార్ధంలోనివే. మన కాలంలోనూ అంతే: మచ్చలు పెరిగి తగ్గే 24వ సౌరచక్రంలో ఉత్తరార్ధం 2011లోనే ఉచ్చస్థితికి చేరగా, దక్షిణార్ధం 2014లో గానీ చేరలేదు.

ఈ తేడాను కొలిచే సూత్రం చాలా చిన్నది. ఉత్తరం లెక్కలోంచి దక్షిణం లెక్క తీసేసి, రెండింటి మొత్తంతో భాగిస్తారు. సున్నా వస్తే సమానం, ధనమైతే ఉత్తరానిది పైచేయి, ఋణమైతే దక్షిణానిది. అయితే ఈ అంకె ఒక్కదాన్నే నమ్ముకుంటే మోసపోతాం. ఉత్తరాన 7, దక్షిణాన 3 మచ్చల గుంపులుంటే సూచిక 0.4. ఉత్తరాన 70, దక్షిణాన 30 ఉన్నా అదే 0.4. కానీ నాణెం పదిసార్లు ఎగరేస్తే ఏదో ఒకవైపు ఏడు లేదా అంతకు మించి పడే అవకాశం 34 శాతం. వందసార్లు ఎగరేస్తే డెబ్బై లేదా అంతకు మించి పడే అవకాశం పదివేలలో ఒకటి కన్నా తక్కువ. మొదటిది యాదృచ్ఛికం కావచ్చు. రెండోదాన్ని అలా కొట్టిపారేయలేం. ద్విపద పరీక్ష చేసే పని ఇదే.

ఈ పరీక్షకు ఓ షరతుంది: లెక్కించేవి ఒకదానితో ఒకటి సంబంధం లేనివై ఉండాలి. ఒకే గుంపు దాదాపు రెండు వారాల వరకు కనిపించవచ్చు. రోజూ దాన్నే కొత్తగా లెక్కిస్తే, లేని బలం ఉన్నట్టు తోస్తుంది. మచ్చల వైశాల్యం విషయంలో చిక్కు మరీ ఎక్కువ. దాన్ని సూర్యార్ధగోళంలో పదిలక్షవ వంతుల్లో కొలుస్తారు. ఆ ప్రమాణాన్ని పదోవంతుకు తగ్గిస్తే 70, 30 కాస్తా 700, 300 అవుతాయి. సూర్యుడు మారలేదు, ఫలితం మాత్రం మారిపోతుంది! 2007లో కార్బొనెల్, బాలెస్టర్ తదితర స్పెయిన్ పరిశోధకులు ఈ ప్రశ్నను మళ్లీ తవ్వి, ఏ రకం దత్తాంశానికి ఏ పరీక్ష తగునో పరిశీలించారు. ఉత్తర, దక్షిణ గుర్తులను వేలసార్లు కలగాపులగం చేసి, అసలు తేడాను వాటితో పోల్చే పద్ధతి కూడా ఉంది.

ఇంకో జాగ్రత్త కావాలి. 5 శాతం గీటురాయితో వంద నెలల్ని పరీక్షిస్తే, నిజంగా తేడా లేకున్నా దాదాపు అయిదు నెలలు ‘తేడా ఉంది’ అనిపించుకుంటాయి. ఒక నెల గెలిచిందని సంబరపడకూడదు. గెలిచిన నెలలు యాదృచ్ఛికంగా రావాల్సిన వాటికన్నా బాగా మించాయా అన్నదే చూడాలి.

ఈ వడపోతలకు ఆధారం తరాల ఓపిక: 1874-1976 మధ్య సాగిన గ్రీనిచ్ ఫొటోల నమోదు, ఇరవయ్యో శతాబ్దం తొలినాళ్ల నుంచి కొడైకెనాల్‌లో తీసిన సూర్యుడి చిత్రాలు. ఇంత సుదీర్ఘ దత్తాంశంలో వడపోతకు నిలిచిన తేడా, మచ్చలను పుట్టించే సూర్యుడి లోపలి అయస్కాంత యంత్రాంగంలో రెండు అర్ధగోళాలు పూర్తిగా ఒకే తాళానికి నడవడం లేదని చెబుతుంది. ఎందుకన్నది గణాంకశాస్త్రం చెప్పదు. కానీ ఏ తేడాకు కారణం వెతకాలో, దేన్ని వదిలేయాలో అది చెబుతుంది. సిద్ధాంతకర్తల ఏళ్ల శ్రమ వృథా కాకుండా కాపాడేది ఆ వివేకమే.